నిమిషానికి ఇరవై

ఎవరో అతని గుప్పిట్లో తాళాల గుత్తి పెట్టారు.
ఇనుము తగిలితే మూర్ఛ దిగుతుందని
క్యాంపులో పెద్దవాడెవడో చెప్పి ఉంటాడు.
మా తాళ్ళరేవులోనూ ఇంతే, ఎవర్ని తప్పుపట్టను?
సొహార్ పోర్టు నుంచి అంబులెన్సు వచ్చేసరికి
నోటి పక్క నురగ ఎండింది
గుప్పిట మాత్రం విడలేదు.
ఒక్కో వేలూ విప్పి తీశాను.
అరచేతిలో తాళాల అచ్చులు, పళ్ళతో సహా.

మంచం మారుస్తుండగానే మళ్ళీ మొదలైంది.
పక్కకు తిప్పాం. నోట్లో ఏమీ పెట్టలేదు.
గోడ గడియారం చూశాను, రెండూ పదకొండు.
డాక్టర్ బద్రియా మొదటి ఇంజెక్షన్ ఇచ్చింది.
ఒళ్ళు వదులైంది, నాకు నమ్మకం కుదరలేదు.
పెదవి ఎత్తి చూసింది ఆవిడ:
చిగుళ్ళు పళ్ళ మీదికి పెరిగి ఉన్నాయి.
"ఇతను కొత్తవాడు కాదు. ఏళ్ళుగా వాడుతున్నాడు."

తలుపు దగ్గర హెల్మెట్ తీయని రూమ్మేటు.
"లింబాద్రికి ఎన్నడు రాలే మేడం" అన్నాడు.
నేల చూశాడు.
"మోర్తాడు కెల్లి తెచ్చుకున్న గోలీలున్నయి. పెట్టెల.
తాళమేసిండు."
నా చేతిలోని గుత్తి చూశాడు.

అతను టాక్సీలో వెళ్ళి ఫోన్లో ఒక్కో అక్షరం చదివాడు.
అదే మందు. ఫెనిటాయిన్.
"రక్తం తియ్యి, మందు ఎంత మిగిలిందో చూద్దాం,
పూర్తి మోతాదు వద్దు, ఆరు వందలు చాలు" అంది డాక్టర్.

సెలైన్ సీసా తీశాను. రెండోసారి చదివాను. సెలైనే.
కాకినాడలో, ట్రైనింగ్ రెండో ఏడు,
నేను గ్లూకోజు తగిలించాను ఈ మందుకి.
గొట్టంలో పాలు విరిగినట్టు తెల్లగా తేలింది.
గొట్టం మడిచి పట్టుకుని
నా మణికట్టు మీద కొట్టింది మేరీ రత్నం సిస్టరు.
ఆ దెబ్బ ఇప్పటికీ ప్రతి సీసా మీద లేబులు చదివిస్తుంది.

మోచేతి దగ్గర పెద్ద నరం. చేతి వెనక సన్నటిది కాదు:
మందు బయటికి జారితే తోలు ఊదారంగు తిరుగుతుంది.
నిమిషానికి ఇరవై మిల్లీగ్రాములు. అరగంట.
కంపెనీ మనిషి వచ్చి "ఇంతసేపా?
ఒక్కసారి ఎక్కించేయొచ్చుగా" అన్నాడు.
కిటికీ అవతల క్రేన్లు రాత్రంతా పెట్టెలు దించుతూనే ఉన్నాయి.
ఆలస్యం అమృతం విషం అంటారు మావాళ్ళు.
ఈ సీసా ముందు ఆ సామెత తిరగబడుతుంది.
తోసేస్తే గుండె తడబడుతుంది, బీపీ జారిపోతుంది.
అరగంటా నిలబడ్డాను,
మూడు వేళ్ళు నాడి మీద, కళ్ళు తెర మీద పచ్చగీత మీద.
అవి కొండగుర్తులు నాకు.
ఒకసారి గీత కొంచెం సాగింది.
చక్రం బిగించాను. మళ్ళీ సర్దుకుంది. మళ్ళీ వదిలాను.

మందు అయ్యాక నరంలో వట్టి సెలైను పంపి కడిగాను.

తెల్లారుతుండగా రూమ్మేటు బామ్ డబ్బా తెచ్చాడు.
లోపల సగాలు. గడ్డం బ్లేడుతో కోసినవి, అంచు పొడి రాలుతూ.
లెక్కపెట్టాను. నలభై మూడు.
బేసి.
నలభై నాలుగోది నిన్న రాత్రిది.

"లీవు దాంక రావాలె గద అక్కా" అన్నాడు లింబాద్రి,
నాలుక ఇంకా మందంగా.
"బంజేయలే. సగమన్న ఏసుకున్న."
నేనేం చెప్పను? సగం వల కప్పితే
చేప ఆగుతుందా అన్నాను, మా వైపు మాట.
నవ్వబోయి, కొరికిన నాలుక నొప్పెట్టి ఆగాడు.
ప్లాస్టరు ముక్క మీద తెలుగులో రాసి డబ్బా మూతకి అంటించాను:
పూర్తి మాత్ర. రోజూ అదే టైముకి. అయిపోకముందే అడుగు.
అడక్కుండా ఆపకు.

"గా కాయితంల ఏం రాసిండ్రు?"
దానిలో నేను రాయని లైను ఒకటుంది, డాక్టర్ది:
ఎత్తు మీద పని చేయరాదు.
పోర్టులో అతని పనంతా ఎత్తు మీదే,
నలభై అడుగుల స్కాఫోల్డింగు.
"చదువక్కా."

అరచేయి తిప్పి చూశాను. అచ్చులు ఇంకా పోలేదు.
"ముందు టీ తాగు" అన్నాను.